వ్యాసంలో మందుల ఊసేదీ?

సంపాదకులకు నమస్కారం.

బిడ్డకు పాలివ్వని ఆడవాళ్లకు చనుమొనల నుంచి పాలు కారడం గురించి పోయిన వారం మీ ఆరోగ్య పేజీలో వ్యాసం వచ్చింది. ఎవరైనా డాక్టరు రాస్తారులే, మీరే సవరణ వేస్తారులే అని ఇన్నాళ్లూ ఆగాను. రెండూ జరగలేదు.

శీర్షికలోనే 'వింత జబ్బు' అన్నారు. ఇందులో వింతేముంది? మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథి ప్రొలాక్టిన్ అనే హార్మోనును ఎక్కువగా వదిలితే పాలు పడతాయి. మామూలుగా మెదడులో తయారయ్యే డోపమైన్ అనే రసాయనం దాన్ని అదుపులో ఉంచుతుంది. ఆ అదుపు ఎందుకు తప్పుతుందో చెప్పాలి కదా! మీ వ్యాసకర్త 'హార్మోన్ల అసమతుల్యత' అని ఒక్క ముక్క రాసి, రెండో పేరాలో కణితి అన్నారు, మూడో పేరాలో క్యాన్సర్ అన్నారు. చివర్లో బిగుతు దుస్తులు వేసుకోవద్దని చెప్పి చేతులు దులుపుకున్నారు.

ఈ బాధతో వచ్చిన మనిషిని ముందు అడగాల్సినవాటిలో ఒకటి, 'ఏం మందులు వాడుతున్నారు?' అని. వాంతులకూ కడుపుబ్బరానికీ వాడే డాంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్, మానసిక వ్యాధులకిచ్చే రిస్పెరిడోన్, హాలోపెరిడాల్, ఇవన్నీ డోపమైన్‌కు అడ్డుపడి ప్రొలాక్టిన్‌ను పెంచేవే. మా బంధువు ఒకావిడ ఇలాంటి మందే వాడుతూ, పాలు కనబడేసరికి హడలిపోయి, ఎవరికీ చెప్పకుండా మాత్రలు మానేసింది. పాలు ఆగాయి, పాత జబ్బు తిరగబెట్టింది. ఇలా జరగొచ్చని మందు రాసినప్పుడే చెప్పి ఉంటే, ఆవిడ నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లేది. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో ఆయన చూసుకునేవారు. ఆ మాట చెప్పడానికి అర నిమిషం పట్టదు.

థైరాయిడ్ మందగించినా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. మామూలు రక్తపరీక్షలో తేలిపోయే సంగతి అది. థైరాయిడ్ మాత్రతోనే చాలామందికి సర్దుకుంటుంది. మూత్రపిండాలు దెబ్బతిన్నా ప్రొలాక్టిన్ పెరగొచ్చు. ఇవేవీ మీ వ్యాసంలో లేవు. గర్భ పరీక్ష చేస్తారన్న మాట మాత్రం పెళ్లికాని పిల్లల మీద అనుమానం కలిగేలా రాశారు. అది అందరికీ చేసే పరీక్షండీ, ఎవరి శీలానికీ పెట్టే పరీక్ష కాదు.

ఇక కణితి. పీయూష గ్రంథిలో ప్రొలాక్టిన్‌ను తయారుచేసే గడ్డలు దాదాపుగా క్యాన్సర్ కావు. ఎక్కువమందికి కేబర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతాయి. తలనొప్పి, పక్కచూపు తగ్గడం, నెలసరి ఆగిపోవడం ఉంటే ఆలస్యం చేయకూడదు, నిజమే. ఒక్క రొమ్ము నుంచే రక్తపు చారతో స్రావం వస్తే క్యాన్సర్ కోసం చూడాలి, అదీ నిజమే. కానీ ఆ రక్తపు స్రావం వేరు, ఈ పాలు కారడం వేరు. రెంటినీ కలగాపులగం చేశారు.

పైగా పాలన్నీ పిండేయమని సలహా! చనుమొనలను మాటిమాటికీ నొక్కితే ప్రొలాక్టిన్ ఇంకా పెరుగుతుంది. అప్పుడే పుట్టిన పసివాళ్లకు, మగపిల్లలైనా సరే, తల్లి హార్మోన్ల వల్ల రెండు చుక్కలు రావచ్చు. వాటంతట అవే పోతాయి. ఈ వ్యాసం నమ్మి ఎవరైనా పసిరొమ్ములు పిండితే, చీము పడితే, జవాబుదారీ ఎవరు? 'స్త్రీల సమస్య' అని తేల్చేశారు గానీ మగవాళ్లకూ పాలు రావచ్చని మీ వ్యాసకర్తకు తెలిసినట్టు లేదు.

ఒక్క పత్రికనే అనడమెందుకు? మందు పెట్టెలో మడతపెట్టిన కాగితం ఎప్పుడైనా విప్పి చూశారా? దుష్ప్రభావాలన్నీ చీమ తలకాయంత అక్షరాల్లో అందులోనే ఉంటాయి, చదవగలిగినవాడు అదృష్టవంతుడు. ఔషధ నియంత్రణ అధికారులకు ఆ అక్షరాలు ఎలా కనబడుతున్నాయో మరి! డాక్టరు చీటీ లేకుండా ఈ మాత్రలు అమ్మేవాళ్లు కూడా వాళ్లకు కనబడరు. ఏటా ఆరోగ్య దినోత్సవాలకు బ్యానర్లు కట్టించి ఫొటోలు దిగడానికి మాత్రం తీరిక దొరుకుతుంది.

సవరణ వేయదలిస్తే అదే పేజీలో, ఆ వ్యాసమంత చోటులో వేయండి, ప్రకటనల కింద మూలన కాదు. డాక్టరును అడగకుండా ఏ మందూ మానవద్దన్న మాట అన్నిటికంటే పైన ఉండాలి. ఈసారైనా అచ్చుకు ముందు హార్మోన్ల వైద్యులు ఒకరికి చూపించండి.

— ఒక పాఠకురాలు