యాస కాదు, ఊనిక చూసుకో

గుంటూరు

నాన్నా చిన్నూ,

ఇంటర్వ్యూలో ‘డెవలప్‌మెంట్’ అన్న మాట మళ్లీ చెప్పమన్నారని యాస మార్చుకునే కోచింగ్‌లో చేరతానన్నావు. వద్దు. మన గుంటూరు యాసలో ఇంగ్లిష్ హాయిగా మాట్లాడొచ్చు. చూసుకోవాల్సింది ఊనిక, అదే స్ట్రెస్.

తెలుగులో అక్షరాలన్నిటినీ ఇంచుమించు ఒకే బలంతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒక సిలబుల్‌ని, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కని, గట్టిగా పలికి, పక్కవాటిని చాలావరకు నలిపేస్తారు. ‘డెవలప్‌మెంట్’లో బలం ‘డె’ మీద కాదు, రెండో సిలబుల్ మీద. ‘డివెలప్‌మెంట్’ అని చూడు, ఎవరూ మళ్లీ అడగరు. ‘మెంట్’ చేరినా ఊనిక కదల్లేదు, గమనించావా? ‘నెస్’, ‘ఫుల్’, ‘లెస్’ కూడా అంతే. ‘షన్’ అలా కాదు, తనకు ముందున్న సిలబుల్ మీదికి బలాన్ని లాక్కుంటుంది: ఎడ్యుకేషన్, ప్రెజెంటేషన్. ‘ఇక్’ కూడా దాదాపు అంతే, అరబిక్ లాంటి కొన్ని తప్ప. ఫోటోగ్రాఫ్‌లో మొదటి సిలబుల్, ఫొటాగ్రఫర్‌లో రెండోది, ఫోటోగ్రాఫిక్‌లో మూడోది. మాట ఒకటే కుటుంబం, బలం మాత్రం జరుగుతూ పోతుంది. నాకు ఇంగ్లిష్‌లో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే.

ఇంకొకటి. బళ్లో పద్యానికి గణాలు విడదీసేటప్పుడు గణం మాట మధ్యలోనే తెగేది కదా? అర్థం కోసం సంధి వేరేగా విడదీసేవాడివి. ఇంగ్లిష్ మాటనూ అలాగే నోటికి ఒక రకంగా, అర్థానికి ఒక రకంగా విడదీయాలి. ‘క్యాట్స్’ ఒకే సిలబుల్, అర్థానికి రెండు ముక్కలు: పిల్లి, బహువచనం. ‘బనానా’కి మూడు సిలబుల్స్, అర్థానికి ఒకటే ముక్క. హెలికాప్టర్ చూడు. పలికేటప్పుడు హె-లి-కాప్-టర్. పుట్టుకలో మాత్రం ‘హెలికో’, ‘ప్టర్’. గ్రీకులో మొదటిది మెలికకు, రెండోది రెక్కకు సంబంధించినవి. ‘కాప్టర్’ అనే ముక్క మొదట్లో లేనే లేదు. జనం తమకు వినబడినట్టు విరిచి, ‘హెలి’ని పట్టుకుని హెలిప్యాడ్, హెలిపోర్ట్ అనేశారు.

ఎలక్ట్రిక్, ఎలక్ట్రిసిటీ కూడా పక్కపక్కన పెట్టుకో. ‘క’ కాస్తా ‘స’ అయింది, ఊనిక తర్వాతి సిలబుల్ మీదికి జరిగింది, అయినా స్పెల్లింగ్‌లో ఆ ముక్క చెక్కుచెదరలేదు. స్పెల్లింగ్ బట్టీపట్టే ముందు ఈ ముక్కలు వెతుక్కుంటే సగం పని తప్పుతుంది.

శనివారం బస్సెక్కేటప్పుడు నీ ప్రాజెక్ట్ రిపోర్ట్ మర్చిపోకుండా తీసుకురా. అందులో నువ్వు పైకి చెప్పాల్సిన పెద్ద మాటలన్నిటికీ బలం ఎక్కడ పడుతుందో ఇద్దరం కూర్చుని పెన్సిల్‌తో గుర్తు పెడదాం. డిక్షనరీలో ఆ సిలబుల్ ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది, ఈలోగా అది చూడటం అలవాటు చేసుకో.

వేళకు తిను.

అమ్మ