వార్షిక నివేదిక 2024–25: అంగన్‌వాడీ పిల్లల శనివారం పనులు

గౌరవనీయులైన అధ్యక్షుల వారికి, కార్యవర్గ సభ్యులకు, సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన కాలనీ పెద్దలకు, అమ్మలకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా విషయంలోకి వస్తాను. మన వీధి చివరి అంగన్‌వాడీలో మూడు నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలతో శనివారాలు చేతిపనులు చేయించాం. బెండకాయ అచ్చులు, చిక్కుడు గింజలు నాటడం, వినాయక చవితికి బంకమన్ను, సంక్రాంతికి గొబ్బెమ్మలు. ఊరికే కూర్చోబెట్టి మాట్లాడమంటే బిక్కమొహం వేసే పిల్లలే చేతికి పని తగిలితే వసపిట్టలవుతున్నారు. 2024లో కేంద్రం తెచ్చిన ‘ఆధారశిల’ పాఠ్యక్రమమూ ఆటపాటలతోనే నేర్పమంటోంది.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవలసింది నాగుల చవితికి ముందు శనివారం చేసిన చిమ్మిలి. నువ్వులు టీచరమ్మ ముందే వేయించి, చల్లార్చి తెచ్చారు. చిన్న రోళ్ళ దగ్గర పిల్లలను ఇద్దరిద్దరిగా కూర్చోబెట్టాం. ఒకరు దంచాలి, ఒకరు బెల్లం కోరు వేయాలి. అవతలివాళ్ళు నోరు తెరిచి అడిగితేనే వేయాలి. “ఇంకొంచెం వెయ్యి”, “చాలు చాలు”, “అయ్యో, ఒలికిపోయింది” అంటూ గదంతా గోల. పెద్దవాళ్ళకు ముందే చెప్పాం: “ఇదేంటి, అదేంటి” అని పరీక్ష పెట్టొద్దు, ఏదైనా అడిగితే జవాబు వచ్చేదాకా ఆగండి, పిల్లాడు “నూనె వచ్చె” అంటే “అవున్రా, గట్టిగా దంచావుగా, నువ్వుల్లోంచి నూనె వచ్చింది” అని నిండుగా తిరిగి అనండి అని. చేరినప్పటి నుంచి వేలు చూపించడమే తప్ప పెదవి విప్పని ఒక పాప, జతగాడు బెల్లం నోట్లో వేసుకోగానే “ఒరేయ్, అది ఉండకి! నువ్వు తినేస్తే ఉండెలా అవుద్ది?” అని గదమాయించింది. వాళ్ళమ్మ గుమ్మంలోనే ఉన్నారు. ఉండలు కొన్ని వంకర, కొన్ని పొడిపొడి. ఒక్కటీ మిగల్లేదు.

రోళ్ళు ఇచ్చిన ఇళ్ళవారికి, నువ్వులూ బెల్లమూ డబ్బు తీసుకోకుండా ఇచ్చిన కిరాణా కొట్టు యజమానికి, బంకమన్ను బస్తాలు చేరవేసిన ఆటో సోదరులకు, ప్రతిసారీ గది కడిగిన ఆయమ్మకు, అన్నిటికీ ముందుండే టీచరమ్మకు సంఘం తరఫున కృతజ్ఞతలు.

పోయిన సమావేశంలో ఉత్సాహంగా పేర్లు రాయించుకున్న వాలంటీర్లలో చాలామందిని తర్వాత వాట్సాప్‌లోనే చూశాం. వచ్చేది ఎప్పుడూ ఆ ముగ్గురు నలుగురే. చిమ్మిలి రోజు ఫొటోలు తీసేవారికి మాత్రం కొదవ లేదు. ఇక కుళాయి సంగతి. మట్టిపని ఉన్నప్పుడల్లా నీళ్ళు బకెట్లతో మోస్తున్నాం, మా అర్జీలకు “చూస్తాం” అన్న మాట తప్ప కదలిక లేదు. అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం 1975లో మొదలైంది, 2025 అక్టోబరు 2తో దానికి 50 ఏళ్ళు. అధికారులు ఆ వేడుకకైనా వస్తే బకెట్లు చూపిస్తాం.

జమాఖర్చులు వెనక పేజీలో ఉన్నాయి. లెక్క సరిపోయింది, మిగులు స్వల్పం, ఆమోదించ ప్రార్థన.

వచ్చే ఏడాది వంతుల పట్టిక బల్ల మీద పెట్టాం. పేరు రాసేవారు దయచేసి వచ్చే తేదీ కూడా వేయండి.

ఇట్లు,
కార్యదర్శి