ఆ ర్యాక్ ఎందుకు ఖాళీ చేశానంటే

ఏలూరు రోడ్డులో మా షాపుకి ఎప్పటినుంచో వచ్చేవాళ్ళు ఈ మధ్య ఒకటే అడుగుతున్నారు. లోపలి గదిలో పిల్లల పెంపకం ర్యాక్ సగం ఖాళీ అయిందేమిటి, మిగతా సగంలోకి గిటార్ బొమ్మలున్న పుస్తకాలు ఎందుకొచ్చాయి అని. కౌంటర్ దగ్గర హడావిడిలో ఒక్కొక్కరికీ సగం సగం చెబుతున్నాను. అందరికీ ఒకేసారి పూర్తిగా చెప్పాలి.

కిందటి దసరా సెలవుల తర్వాత ఒక అమ్మాయి వచ్చింది. మూడేళ్ళ బాబు, మాటలు రాలేదు, ఆటిజం అని డాక్టర్ చెప్పి నాలుగు రోజులైందట. "అన్నయ్యగారూ, ఏదైనా మంచి పుస్తకం ఉంటే ఇవ్వండి" అంది. ర్యాక్‌లో ముందు కనపడింది తీసి ఇచ్చాను. బాగా పోతుందని డిస్ట్రిబ్యూటర్ పంపిన పుస్తకం. నేను ఒక్క పేజీ కూడా తిరగెయ్యలేదు. పది రోజుల తర్వాత దాన్ని తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. పాలు మానిపించండి, గోధుమ మానిపించండి, ఫలానా పొడి పట్టించండి, ఆరు నెలల్లో పూర్తిగా నయమైపోతుంది అని ఉంది అందులో. "మీరు చదివారా ఇది?" అని అడిగింది. లేదని చెప్పాను. డబ్బులు తిరిగి ఇచ్చేశాను. కానీ ఆ పది రోజులూ ఆ పిల్లాడు పాలకోసం ఏడ్చాడు. అది నా వల్లే జరిగింది.

ఆ రాత్రి షట్టర్ దించి అలాంటివన్నీ ఏరితే 43 కాపీలు తేలాయి. వెనక్కి తీసుకుంటామన్నవి పంపేశాను, మిగతావి తూకానికి వేశాను. తొమ్మిది వేల పైచిలుకు నష్టం. పోతే పోయింది. ఆటిజం పుట్టుకతోనే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. దాన్ని పోగొట్టే పొడి లేదు. మాటకి, రోజువారీ పనులకి చిన్నప్పుడే మొదలుపెట్టిన శిక్షణ సాయపడుతుంది. ఆ శిక్షణ గురించి అడిగేవాళ్ళకోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం ఉన్నవాళ్ళ జాతీయ సంస్థ (NIEPID) పేరు, 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం కూడా ఉందన్న సంగతి ఒక కాగితం మీద రాసి ర్యాక్‌కి అంటించాను.

అప్పటినుంచి నేను మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివిన పుస్తకమే ఆ ర్యాక్‌లోకి వెళ్తోంది. అందుకే నింపడం ఇంత ఆలస్యమవుతోంది.

ముందుగా పెట్టింది 'ది సీజ్'. క్లారా క్లేబోర్న్ పార్క్ అనే అమెరికన్ తల్లి 1967లో రాశారు. గచ్చు మీద ఒకచోట గుండ్రంగా తిరుగుతూ తనలో తాను మురిసిపోయే రెండేళ్ళలోపు పాపతో మొదలవుతుంది. ఆ పాప ఏదైనా కావాలంటే అమ్మ చెయ్యి పట్టుకుని దాంతో పని చేయించుకుంటుంది తప్ప తన చెయ్యి వాడదు. ఆ చిన్న చేత పని చేయించడానికి ఆ తల్లి పడిన తంటాలు చదువుతుంటే ఆవిడ మన పక్కింట్లోనే ఉన్నట్టుంటుంది. ఇంకో సంగతి తెలిసి చదవాలి. తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే పిల్లలు ఇలా అవుతారని ఆ రోజుల్లో పెద్దపెద్ద నిపుణులే అనేవారు. ఫ్రిజ్‌లాంటి తల్లులు అని ఒక పేరు కూడా పెట్టారు. సరిగ్గా ఆ ఏడే అమెరికాలో పేరున్న మానసిక నిపుణుడు బ్రూనో బెటల్‌హైమ్ ఆ వాదంతో ఒక పెద్ద పుస్తకం తెచ్చారు. ఆ వాదానికి జవాబు అన్నట్టుగా క్లారా తన ఇంట్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు రాసి చూపించారు. ఆ పాప పెద్దయి చిత్రకారిణి అయింది. ఆ కథ 2001లో వచ్చిన 'ఎగ్జిటింగ్ నిర్వాణ'లో ఉంది. రెండూ తెప్పించాను. "నీ పెంపకం వల్లే" అని అత్తగారింట్లో మాట పడిన తల్లులు ఇక్కడా నా ముందు కన్నీళ్ళు పెట్టుకున్నారు. వాళ్ళకి నేను మొదట ఇచ్చేది 'ది సీజ్'.

రాన్ సస్కిండ్ 'లైఫ్, యానిమేటెడ్' నాన్నలకి ఇస్తున్నాను. ఆయన కొడుకు ఓవెన్‌కి మూడేళ్ళు రాకముందే ఉన్న మాటలు కూడా పోయాయి. డిస్నీ సినిమాల డైలాగులతోనే వాడు మళ్ళీ మనుషులతో మాట్లాడటం మొదలుపెట్టాడు. తండ్రి చిలక బొమ్మ చేతికి తొడుక్కుని, ఆ చిలక గొంతుతో కొడుకుని పలకరించే చోట నేను పుస్తకం మూసి కాసేపు బయటికి వెళ్ళి నిలబడ్డాను.

'ది రీజన్ ఐ జంప్' జపాన్ అబ్బాయి నవోకి హిగాషిదా 13 ఏళ్ళ వయసులో అక్షరాల పలక సాయంతో రాసిన పుస్తకం. ఇందులో ఆ అబ్బాయి సొంత మాట ఎంత అని అనుమానపడిన నిపుణులున్నారు. అది చెప్పే అమ్ముతున్నాను.

ఇక గిటార్ల సంగతి. రాక్ సంగీతకారుల జీవితకథలు నాకు ఇష్టమని జనవరి పుస్తక మహోత్సవానికి 60 కాపీలు తెప్పిస్తే 14 పోయాయి. మిగిలినవాటికి చోటు లేక ఈ ఖాళీలో సర్దాను. సర్దుతుంటే ఈ రెండు రకాలకీ చుట్టరికం కనపడింది. ఆటిజం చరిత్ర మీద 'న్యూరోట్రైబ్స్' రాసిన స్టీవ్ సిల్బర్‌మన్, అంతకుముందు 1994లో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండ్ అభిమానులకోసం మరొకరితో కలిసి ఒక నిఘంటువు రాశారు. రాక్ గాయకుడు నీల్ యంగ్ కొడుకులిద్దరికీ సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని ఒంటి కదలికలు అదుపులో లేకపోవడం. అది ఆటిజం కాదు, వేరు. చిన్నవాడు బెన్‌కి మాట లేదు. వాడు తనంతట తాను బొమ్మరైళ్ళు నడుపుకునేలా నాన్న ప్రత్యేకంగా ఒక స్విచ్ చేయించిన సంగతి ఆయన ఆత్మకథ 'వేజింగ్ హెవీ పీస్'లో ఉంది. ఆయన 1982 ఆల్బమ్ 'ట్రాన్స్'లో గొంతు మెషీన్‌లోంచి వచ్చినట్టుంటుంది, మాట సరిగా అర్థం కాదు. కొడుకు మాట అందని బాధే ఆ పాటల్లో ఉందని తెలిశాక ఆ క్యాసెట్ మళ్ళీ తీసి విన్నాను.

రాక్ గాయని ప్యాటీ స్మిత్ 'జస్ట్ కిడ్స్' ఎవరికైనా ఇస్తాను. పేదరికంలో ఆవిడ న్యూయార్క్‌లో పుస్తకాల షాపులో పనిచేస్తూ స్నేహితుడు రాబర్ట్‌ని పోషించింది. తమ ఇద్దరి కథ రాస్తానని, అతను చనిపోయే ముందు అతనికిచ్చిన మాట ఇరవై ఏళ్ళకి, 2010లో, తీర్చుకుంది. స్ప్రింగ్‌స్టీన్ పుస్తకం డిప్రెషన్ గురించి దాపరికం లేకుండా మాట్లాడుతుంది. కీత్ రిచర్డ్స్‌ది గిటార్ నేర్చుకునేవాళ్ళకి. ఆరో తీగ తీసేసి అయిదు తీగలతో ఎందుకు వాయిస్తాడో అక్కడ ఉంది.

ఇవన్నీ ఇంగ్లీషువే. ఆటిజం ఉన్న పిల్లాడి ఇంటి కథ తెలుగులో ఇమ్మంటే నా దగ్గర ఒక్కటి కూడా లేదు. మీలో ఎవరైనా రాసుకుని ఉంటే, నోటు పుస్తకంలో ఉన్నా సరే, తీసుకురండి. టైపు చేయించి ఒక 50 కాపీలు వేయించే ఖర్చు నేను పెట్టుకుంటాను. కొత్త ఆర్డర్లకి మూడు వారాలు పడుతోంది. స్థోమత లేని ఇళ్ళకి చదివి తిరిగిచ్చే పద్ధతిలో ఇస్తున్నాను, డిపాజిట్ వద్దు.

బుధవారం పొద్దున 10 నుంచి 12 దాకా షాపులో పాటలు పెట్టం, సగం ట్యూబ్‌లైట్లు ఆర్పేస్తాం. ఆ అమ్మాయే చెప్పింది ఇలా ఉంటే బాబుకి హాయిగా ఉంటుందని. అవును, ఆవిడ మళ్ళీ వస్తోంది. కిందటి బుధవారం బాబు రాక్ పుస్తకాలన్నీ దించి, సైజు ప్రకారం తలుపు దాకా వరసగా పేర్చాడు. వాడు మళ్ళీ వచ్చేదాకా దాన్ని కదపడం లేదు. అందులోంచి ఏదైనా కావాలంటే మీరు తియ్యకండి, నన్ను అడగండి, లోపలినుంచి అదే సైజుది తెచ్చి ఆ చోట్లో పెట్టి ఇస్తాను.