గవ్వలాడినవాళ్లకీ, గ్రైండర్ మార్చినవాళ్లకీ

సత్యనారాయణపురంలో మా వీధివాళ్లందరికీ నమస్కారం. మా అమ్మాయి నిద్రని మీరంతా కలిసి కాపాడారు, అందుకే ఇది రాస్తున్నాను.

ఇంటర్ హాస్టల్లో ఉండగా పొద్దున్నే దాని చేతిలోంచి బ్రష్ ఎగిరిపడేది. నాలుగున్నరకే లేపి స్టడీ అవర్లో కూర్చోబెట్టేవాళ్లు, నిద్రమత్తు అన్నారు. మేమూ నమ్మాం. సంక్రాంతికి ఇంటికొచ్చిన మర్నాడు చెయ్యి అదిరి కాఫీ గ్లాసు గోడకి తగిలింది, వెనకే ఫిట్స్. నేను తాళాలకోసం పరిగెడుతుంటే వద్దని, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టింది కింద టిఫిన్ సెంటర్ బాబాయిగారే.

సూర్యారావుపేట డాక్టరమ్మగారు ముందు అడిగింది, "ఎన్నింటికి పడుకుంటావమ్మా?" అని. నిద్ర చాలకపోతే మూర్ఛ రేగుతుంది, అందుకే ఈఈజీ, అంటే మెదడులో కరెంటు తీరు చూసే పరీక్ష, ముందు రాత్రి కావాలనే మేలుకోబెట్టమన్నారు. నాకు భయమేసింది. పై వాటా పిన్నిగారూ, వాళ్ల కోడలూ గవ్వలు పట్టుకొచ్చి మూడింటిదాకా అష్టాచెమ్మా ఆడించారు. మర్నాడు ఈఈజీ తీసిన అమ్మాయి, పరీక్షయ్యాక జుట్టుకంటిన జిగురుని గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో పాయపాయా తుడిచింది. ఆమె పేరైనా అడగలేదు నేను.

జబ్బు పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే టీనేజీలో మొదలయ్యే, చేతులు అదిరే రకం మూర్ఛ. లేచిన తర్వాత మొదటి గంటే దీనికి గండం. డాక్టరమ్మగారు చెప్పిన ఇంకో మాట నన్ను బాగా ఏడిపించింది. కలత నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర, ఈ మూడూ కలిసిన చుట్టు ఒక్కోటి సుమారు గంటన్నర. మూర్ఛ ఉన్నవాళ్లకి బయటికి ఫిట్స్ కనపడకపోయినా, కలల నిద్ర కానప్పుడే మెదడులో మూర్ఛ తాలూకు కరెంటు మెరుపులు ఎక్కువట. అవి నిద్రని మాటిమాటికీ పైకి లాగేస్తాయి. రాత్రి ఫిట్స్ వస్తే కలల నిద్ర తరిగిపోతుంది. ఎనిమిది గంటలు పడుకుని కూడా కళ్లు ఎర్రగా లేస్తే, బద్ధకం అని ఎన్నిసార్లు తిట్టానో.

మూర్ఛకిచ్చిన మందు లెవెటిరాసిటామ్ పొద్దునా రాత్రీ తప్పకుండా వేస్తున్నాం. కాలేజీ మార్పించాం, కొత్తచోట మేడమ్‌గారు తెల్లవారుజాము క్లాసు అడగ్గానే మాఫీ చేశారు. ఇక బాబాయిగారు. నాలుగింటికి గ్రైండర్ వేస్తే మా గోడ అదిరేది. నేను నోరు తెరిచి అడగనే లేదు, ఆయనే దాన్ని వెనక రేకుల షెడ్డులోకి మార్చుకున్నారు. వైరింగ్ డబ్బులిస్తానంటే "మా పిల్ల కాదా అమ్మా" అన్నారు.

నాలుగు నెలలైంది, ఫిట్స్ రాలేదు. ఇవాళ ఆరున్నరకి లేచి, తన కాఫీ తనే కలుపుకుంది.

పిన్నిగారూ, మీ గవ్వ ఒకటి మా మంచం కింద దొరికింది. సాయంత్రం మా అమ్మాయే తెచ్చిస్తుంది.