భూటాన్ గెంటేసినవాళ్ల దారి మన దేశం మీదుగానే: విదేశాంగ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విదేశాంగ మంత్రి శ్రీ ఎస్. జైశంకర్ గారికి,

నమస్కారాలు.

భూటాన్‌కూ నేపాల్‌కూ ఉమ్మడి సరిహద్దు లేదు. మధ్యలో ఉన్నది మన భూమి. భూటాన్ గెంటేసిన లోత్‌షాంపాల (దక్షిణ భూటాన్‌లోని నేపాలీ మాట్లాడేవాళ్ల) గురించి ఎప్పుడు అడిగినా, అది ఆ రెండు దేశాలు తేల్చుకోవాల్సిన విషయమని ఢిల్లీ చెబుతూ వచ్చింది. కానీ వాళ్లను ఒక దేశం నుంచి ఇంకో దేశానికి తోలిన ప్రతిసారీ దారి మన దేశం మీదుగానే సాగింది. ఈ ఒక్క మాట మీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

నేను గుంటూరు జిల్లా నుంచి వచ్చి అమెరికాలో ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లో ఉంటున్న భారత పౌరురాలిని. మా చర్చి తరఫున వలంటీరుగా ఇక్కడి భూటాన్ శరణార్థుల ఇళ్లకు వెళ్తుంటాను. 2008 నుంచి అమెరికా వీళ్లలో 90 వేల మందికి పైగా చోటిచ్చింది. ఎక్కువమంది స్థిరపడ్డ ఊళ్లలో కొలంబస్ ఒకటి. వీళ్లలో ఎక్కువమంది హిందువులు. నేను మతం మార్చడానికి వెళ్లను. ప్రార్థన చేయమంటే చేస్తాను. లేదంటే వాళ్లిచ్చిన టీ తాగి, ఆస్పత్రి ఫారాలు నింపి, పౌరసత్వ పరీక్షకు పెద్దవాళ్ల చేత ప్రశ్నలు వల్లె వేయించి వస్తాను. పరదేశికి తలుపు తీయాలని మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఇక్కడ ఆ పరదేశులే నాకు తలుపు తీస్తున్నారు.

వచ్చీరాని హిందీలో మాట్లాడుకుంటాం. దక్షిణ భూటాన్‌లోని చిరాంగ్, సర్పాంగ్, సామ్చీ జిల్లాల్లో తమకుండే కమలా తోటలు, ఏలకుల తోటల గురించి చెబుతారు. కొందరి ఇళ్లలో అల్మారా పై అరలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. అందులో పాత పన్ను రసీదులు, భూటాన్ గుర్తింపు కార్డులు. నేపాల్ శరణార్థి శిబిరంలో గుడిసెలు తగలబడినా ఈ కాగితాలను కాపాడుకున్నామని ఒక పెద్దాయన నాకు చూపించారు. ఆ రసీదుల మీదే వాళ్ల బతుకులు తిరగబడ్డాయి. 1985 పౌరసత్వ చట్టం ప్రకారం, 1958 నాటికే అక్కడ ఉన్నట్టు రుజువు కావాలి. 1988 జనగణనలో అధికారులు 1958 నాటి పన్ను రసీదే అడిగారు. 57 నాటిది ఉన్నా, 59 నాటిది ఉన్నా లాభం లేకపోయిందని చెబుతారు. ఆ తర్వాత అందరూ భూటాన్ సంప్రదాయ దుస్తులైన గో, కీరాలే వేసుకోవాలన్నారు, బడుల్లోంచి నేపాలీ తీసేశారు. 1990లో ఊరేగింపులు జరిగాక సైన్యం ఊళ్లలోకి దిగింది. ఇష్టపూర్వకంగానే వెళ్తున్నామని కాగితం మీద సంతకం పెట్టించుకుని, ఫొటోకు నవ్వమన్నారట. ఇది ఎందరి నోటో విన్నాను. విన్న ప్రతిసారీ నాకు మాట రాదు.

సరిహద్దు దాటి మన వైపు వచ్చినవాళ్లను మన దేశంలో ఉండనివ్వలేదు. లారీల్లో ఎక్కించి నేపాల్ సరిహద్దులోని మేచీ వంతెన దగ్గర దించారు. నేపాల్‌లోని మాయీ నది ఒడ్డున పిల్లలు జబ్బు చేసి చనిపోయారు. ఆ తర్వాత ఝాపా, మొరంగ్ జిల్లాల శిబిరాల్లో లక్ష మందికి పైగా సుమారు ఇరవై ఏళ్లు వెదురు గుడిసెల్లో బతికారు. నేపాల్, భూటాన్ ఎన్నో విడతలు చర్చించుకున్నాయి, ఒక్కరు కూడా ఇంటికి చేరలేదు.

ఇదంతా పాత కథ అని మీరు అనవచ్చు. 2025 మార్చిలో అదే దారి మళ్లీ తెరుచుకుంది. అమెరికా కొందరు భూటాన్ శరణార్థులను ఢిల్లీ మీదుగా భూటాన్‌లోని పారో విమానాశ్రయానికి పంపింది. భూటాన్ వాళ్లను దిగనిచ్చింది, ప్రశ్నించింది, తర్వాత కారెక్కించి మన సరిహద్దు దగ్గర వదిలేసింది. వాళ్లు బెంగాల్ దాటి నేపాల్ చేరితే, వీసా లేకుండా వచ్చారని అక్కడి పోలీసులు పట్టుకున్నారు. వాళ్లను దేశం దాటించకుండా నేపాల్ సుప్రీంకోర్టు అడ్డుపడాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా ఇలా పంపడం ఆగలేదు. అమెరికా కాదంది, భూటాన్ కాదంది, నేపాల్ కాదంటోంది.

వెనక్కి పంపినవాళ్లలో చాలామందికి అమెరికా కోర్టుల్లో శిక్షలు పడ్డాయన్నది నిజం. దాన్ని దాచను. కానీ శిక్ష అనుభవించిన మనిషికి కూడా నిలబడటానికి ఏదో ఒక దేశం ఉండాలి కదా. ఇప్పుడు ఇక్కడ ఏ ఇంటికి వెళ్లినా అదే టెన్షన్. ఏ తప్పూ చేయనివాళ్లు కూడా పనికి వెళ్లేటప్పుడు గ్రీన్ కార్డు జేబులో ఉందా అని రెండుసార్లు చూసుకుంటున్నారు. శిబిరంలోనే పుట్టి, భూటాన్‌ను కళ్లతో చూడని కుర్రాళ్లను కూడా భూటాన్‌కే పంపేస్తారని తల్లులు భయపడుతున్నారు.

మంత్రి గారూ, భూటాన్ స్నేహం మనకెంత అవసరమో నాకు తెలుసు. 2017లో డోక్లాం దగ్గర చైనా సైన్యంతో ఏం జరిగిందో చూశాం. ఆ స్నేహం వదులుకోమని నేను అడగడం లేదు. ఆ చనువుతోనే భూటాన్ రాజధాని థింపూకు ఒక మాట చెప్పమంటున్నాను: విమానం దిగనిచ్చి తీసుకున్న మనిషిని మర్నాటికల్లా మా గేటు బయట వదలొద్దు. తీసుకుంటే గుర్తింపు కాగితం ఇచ్చి ఉండనివ్వండి, లేదంటే మేం తీసుకోబోమని మొదటే చెప్పండి. ఇలా దించేసినవాళ్లు మన భూమి మీద ఉన్నంతసేపు మన పోలీసులు వాళ్లను మేచీ వైపు తోలకుండా చూడండి. ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థతో, అమెరికాలోని తమ కుటుంబాలతో మాట్లాడుకునే వీలు కల్పించండి. 1951 శరణార్థి ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు. అయినా టిబెటన్లకు చోటిచ్చాం. ఇది మనకు చేతకాని పనేమీ కాదు.

నేపాల్ శిబిరాల్లో ఇంకా ఆరు వేల మందికి పైగా మిగిలి ఉన్నారు. వాళ్లలో ఇంటికి పోతామనే వృద్ధుల పేర్లయినా థింపూ ముందు పెట్టండి.

ఈ విషయం మీ శాఖ భూటాన్‌తో మాట్లాడిందా లేదా అన్నది పార్లమెంటులో ఒక ప్రకటనగా చెప్పండి. దాన్ని నేపాలీలోకి మార్చి ఇక్కడి పెద్దలకు చదివి వినిపించే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు.

ఇట్లు,
ఒక తెలుగు క్రైస్తవ వలంటీరు,
కొలంబస్, ఒహాయో