నా మోకాలు నిలబెట్టిన అందరికీ

నమస్కారం. ఆపరేషన్ అయిన వారానికే ఈ పోస్టు పెడదామనుకున్నాను. అప్పుడు రాసుంటే ఏడుపే ఎక్కువుండేది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను, అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్లకి: జనవరిలో ఫుట్‌బాల్ మ్యాచ్ ఆడుతూ గబుక్కున పక్కకి తిరిగాను. పాదం నేలకి అంటుకుపోయింది, మోకాలొక్కటే తిరిగింది. టక్‌మన్న చప్పుడు గోల్‌కీపర్‌కి కూడా వినిపించిందట. మొదట చూపించుకున్న చోట బెణుకేనని పట్టీ కట్టి పంపేశారు. ఆ మాట నమ్మి ఆరు వారాలు తిరిగాను, మెట్ల మీద రెండుసార్లు పడ్డాను కూడా. విశాఖలో ఎమ్మారై తీస్తే మోకాలి ఎముకల్ని కలిపి పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంట్ పూర్తిగా తెగిపోయిందని తేలింది. తొడ వెనకాల నుంచి టెండన్ (కండని ఎముకకి కలిపే తాడు లాంటిది) ముక్క తీసి మోకాల్లో బిగించాలన్నారు. ఖర్చు లక్షా ఎనభై వేలు. ఇంట్లో ఉన్నవి నలభై.

అసలు మా ఇంటికి ఈ ఆట పిచ్చి తాత తెచ్చాడు. ఆమదాలవలసలో రైలెక్కి కలకత్తా దగ్గర టిటాగఢ్ జూట్ మిల్లుకి పనికెళ్లిన మనిషి. సెలవు దొరికితే కలకత్తా మైదానంలో ఈస్ట్ బెంగాల్ క్లబ్ మ్యాచ్‌కి పోయేవాడు, ఆ జట్టులో ఆడే తులసీదాస్ బలరామ్ కోసం. సికింద్రాబాద్‌లో పుట్టాడని తెలిశాక మిల్లులో మనోళ్లందరికీ ఆయన చుట్టమైపోయాడట! 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద బలరామ్ కొట్టిన గోల్‌ని తాత కళ్లారా చూసినట్టే చెప్పేవాడు. 2023 ఫిబ్రవరిలో బలరామ్ గారు పోయారని పేపర్ చదివి వినిపిస్తే ఆ పూట అన్నం ముట్టలేదు. నా ఆట మాత్రం జిల్లా జట్టు, తర్వాత యూనివర్సిటీ జట్టులో లెఫ్ట్ బ్యాక్, అంతే.

ఇక డబ్బు. మా సీనియర్లు వాట్సాప్ గ్రూపులో అడిగిన రెండో రోజుకే లక్ష దాటింది. పొద్దున్నే నా దగ్గర ఆట నేర్చుకునే పిల్లలు, మా గుంటలు, హార్లిక్స్ సీసాలో చిల్లర పోసి తెచ్చారు. లెక్కపెడితే 1,346 రూపాయలు. అందులో దుకాణాల్లో ఎవరూ తీసుకోని ఒక అర్ధరూపాయి కూడా ఉంది. అది దాచుకున్నాను.

నేను ఊహించనిది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్ల సాయం. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను తర్వాత మా టీమ్ పదకొండు రోజులు అక్కడ కూలిన చెట్లు కోసి దారులు తీసింది. ఒక మామ్మ ఇంటి మీద పడ్డ కొబ్బరిచెట్టు ముక్కలు చేయడానికి మాకు పూటంతా పట్టింది. రంపం సరిగా పట్టుకోవడం కూడా రాదు మాకు. ఆ సంగతి నేను మర్చిపోయాను, ఆవిడ మర్చిపోలేదు. మనవణ్ణి వెంటబెట్టుకుని రెండు బస్సులు మారి వచ్చింది. చీరకొంగు ముడి విప్పి రెండు వేలు నా చేతిలో పెట్టింది. సంచిలోంచి నాలుగు కొబ్బరికాయలు తీసి, “తుపాను తర్వాత నాటిన మొక్క, తొలికాపు ఇదే. ఏటి బాబూ, బంతి కోసం కాలు ఇరగ్గొట్టుకుంటారేటి ఎవరైనా?” అని చీవాట్లు పెట్టింది. మా అమ్మ ఒక కాయ దేవుడికి కొట్టి, మిగతావి నాకే పచ్చడి చేసి పెట్టింది.

ఆపరేషన్ చేసిన డాక్టర్ గారికి, నన్ను ఏడిపించి మరీ వ్యాయామం చేయించిన ఫిజియో అక్కకి, ఆసుపత్రిలో నేల మీద పడుకున్న మా బావకి చాలా చాలా థ్యాంక్స్. ఖర్చులు పోను 6,200 మిగిలాయి. ఎవరికైనా అభ్యంతరం లేకపోతే పిల్లలకి బంతులు కొంటాను, బిల్లు గ్రూపులో పెడతాను. తొమ్మిది నెలలు నిండేదాకా నేను మ్యాచ్ ఆడకూడదు. ఈల వేయొచ్చన్నారు. సోమవారం ఐదున్నరకి గుంటలందరూ గ్రౌండ్‌కి వచ్చేయండి.