కర్నూలు, మన కాలనీ సంక్షేమ సంఘం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఈ సర్వసభ్య సమావేశానికి వచ్చిన కాలనీవాసులందరికీ నమస్కారం. రానివారికి నివేదిక ఇంటికే పంపుతున్నాం. కనీసం చదవండి.

సంఘం ఆశయాలు అందరికీ తెలిసినవే. వినాయక చవితి, ముగ్గుల పోటీ, కంటి పరీక్షల శిబిరం ఎప్పటిలాగే బాగా జరిగాయి. శిబిరానికి వచ్చిన డాక్టర్లకు, షామియానా అద్దె తీసుకోని సభ్యుడికి, వంటలు, మంచినీళ్లు చూసుకున్న మహిళా విభాగానికి పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది గట్టిగా చెప్పుకోవాల్సింది కమ్యూనిటీ హాలు మీద పెట్టిన 10 కిలోవాట్ల సోలార్ గురించి. పోయిన సమావేశంలో దీని మీద ఎంత రభస జరిగిందో గుర్తుండే ఉంటుంది. వాటర్ ట్యాంకు మీద గాలిమర పెట్టుకుందామన్నారు కొందరు. చెత్తతో బయోగ్యాస్ తీద్దామన్నారు ఇంకొందరు. శ్రీశైలం ప్రాజెక్టు పక్కనే ఉండగా మనకెందుకీ తలనొప్పి అన్నారు ఒక పెద్దాయన. మాటలతో తేలేది కాదని, స్వయంగా చూసొద్దామని ఒక ఆదివారం బస్సు వేశాం. ఆ సమావేశంలో మైకు పట్టుకుని గట్టిగా మాట్లాడినవాళ్లలో చాలామంది ఆ బస్సు ఎక్కలేదన్నది కూడా ఇక్కడ రాయాలి. సగం సీట్లు ఖాళీగానే వెళ్లాయి.

ముందు గని, శకునాల గ్రామాల దగ్గరి సోలార్ పార్కు చూశాం. 2017లో పూర్తయిన ఈ పార్కు సామర్థ్యం వెయ్యి మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 5,900 ఎకరాలు. అంటే మెగావాటుకు ఆరెకరాల లెక్క. మన దగ్గర ఎకరాలు లేవు, డాబాలున్నాయి. కిలోవాటుకు సుమారు వంద చదరపు అడుగులు చాలు, రోజుకు సగటున నాలుగు యూనిట్లు వస్తాయి. మే నెలలోనే ఎక్కువ కరెంటు వస్తుందని మనలో చాలామంది అనుకుంటున్నాం. నిజానికి ప్యానెల్ వేడెక్కేకొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం పోతుంది. మన కర్నూలు ఎండలో ప్యానెల్ 60 డిగ్రీలకు చేరిందంటే పదో వంతు పైనే నష్టం.

గాలిమరల సంగతి వేరు. గాలి వేగం రెట్టింపైతే అందులోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగానికి పడిపోతే ఎనిమిదో వంతే మిగులుతుంది. అందుకే వాటిని కొండల మీద, వంద మీటర్ల ఎత్తు స్తంభాలకు బిగిస్తారు. మేడల మధ్య సుడులు తిరిగే గాలికి ట్యాంకు మీద పెట్టిన చిన్న గాలిమర చప్పుడు చేయడానికి తప్ప పనికిరాదు. రాష్ట్రానికైతే గాలి చాలా మేలు. ఆషాఢం నుంచి మబ్బు పట్టి సోలార్ డీలా పడే నెలల్లోనే అది జోరుగా వీస్తుంది, రాత్రుళ్లు కూడా ఆగదు.

శ్రీశైలంలో కుడి గట్టున 770, ఎడమ గట్టున 900 మెగావాట్లున్నాయి. అడిగిన నిమిషాల్లో కరెంటు ఇవ్వడంలో నీరు మేటి. కానీ వరద రాని ఏడు తాగడానికి, సాగుకు పోగా టర్బైన్లకు మిగిలేదెంత? పిన్నాపురం జలవిద్యుత్ కేంద్రంలో పద్ధతి మార్చారు. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పై రిజర్వాయరుకు ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదులుతారు. పెట్టిన కరెంటులో నాలుగో వంతు దాకా దారిలో పోయినా సాయంత్రం గిరాకీకి ఆదుకునేది అదే. పెద్దాయన గారు అది చూశాక మనసు మార్చుకుని మొదటి విరాళం ఇచ్చారు. వారికి ప్రత్యేక ధన్యవాదాలు.

ఇక బయోగ్యాస్. హైదరాబాదు బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్లో పది టన్నుల వ్యర్థాలతో రోజుకు 500 యూనిట్ల వరకు తీస్తున్నారు. అక్కడ వచ్చేది కూరగాయల చెత్త. మన బండిలో వచ్చేది అన్నం, డైపర్లు, పాల ప్యాకెట్లు అన్నీ కలిసిన ముద్ద. రెండు బుట్టలు పెట్టండని ఇల్లిల్లూ తిరిగి చెప్పాం. తలుపు కూడా తీయనివారున్నారు. తడి చెత్త వేరు చేసే రోజు వస్తే ఆ ప్రతిపాదన మళ్లీ తెస్తాం.

కేంద్ర పథకం కింద సంఘాల ఉమ్మడి అవసరాలకు కిలోవాటుకు 18 వేల రాయితీ ఉంది, మనకు లక్షా 80 వేలు. ఇళ్లకైతే మూడు కిలోవాట్లకు 78 వేలు. శ్రావణంలో ప్యానెళ్లు బిగించాం. మనం లైనుకు ఇచ్చిన కరెంటు, లైను నుంచి వాడుకున్న కరెంటు రెండూ లెక్కగట్టే నెట్ మీటరు మాత్రం సంక్రాంతికి గానీ రాలేదు. ఆఫీసుకు వెళ్తే ఒకసారి సారు లేరు, ఒకసారి స్టాకు లేదు, ఒకసారి ఫైలే లేదు. అన్నాళ్లూ ప్యానెళ్లు అప్పడాల్లా ఎండుతూ కూర్చున్నాయి. చివరికి ఫైలు వెతికి పెట్టిన చిరుద్యోగికి మాత్రం మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు.

సోలార్ ఉండి కూడా సీమంతం మధ్యలో కరెంటు ఎందుకు పోయిందని నన్ను నిలదీశారు. లైను ఆగితే ప్యానెళ్ల కరెంటును లైనుకు కలిపే మన ఇన్వర్టరు కూడా ఆగిపోవాలి, లేకపోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణానికే ముప్పు. బ్యాటరీ పెడితే హాలు వరకు నడుపుకోవచ్చు, దానికి డబ్బు వేరే కావాలి. ఇంకో సమస్య పక్కింటి ట్యాంకు నీడ. మధ్యాహ్నం మూడు దాటాక చివరి ప్యానెల్ మీద మూరెడు నీడ పడితే ఆ వరస మొత్తం నీరసిస్తోంది. ట్యాంకు జరపడానికి ఆ ఇంటివారు ఒప్పుకున్నారు, సంతోషం.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో వెనక జతచేశాం, కోశాధికారి గారు చదివి వినిపిస్తారు. చందా బకాయిల జాబితా నోటీసు బోర్డులో ఉంది.

ప్యానెళ్లు తుడవడానికి పేర్లిచ్చిన యువకులు మొదటి వారం ఫొటో దిగి వెళ్లారు, తర్వాత కనిపించలేదు. పావురాల రెట్టలు, రోడ్డు దుమ్ము తుడుస్తున్నది మన వాచ్‌మన్ ఒక్కడే. అతనికి నెలకు కొంత అదనంగా ఇవ్వాలన్న తీర్మానం ఈ రోజు ఓటుకు వస్తుంది. తుడవడానికి మళ్లీ పేర్లిచ్చేవారు రిజిస్టరులో ఫోన్ నంబరుతో సహా రాయండి. ఆదివారం పొద్దున ఏడింటికి, ఎండ ముదరకముందే రావాలి.

ఇట్లు,
కార్యదర్శి